తగలని డిస్కు

మనుషుల్ని చూసి వెనక్కి తిరిగే డిస్కులు వచ్చాక పార్కులో డిస్కుల ఆటంటే ఎవరికీ భయం లేకుండా పోయింది. సుభాషిణి బాధంతా అదే. భుజం పట్టేస్తే డాక్టరు ఆడమన్న ఆట ఇది. పైన గొలుసులు వేలాడే తొమ్మిది ఇనుప బుట్టల్లోకి, వరసగా, పళ్ళెంలాంటి ప్లాస్టిక్ డిస్కు విసరాలి. ఎనిమిది నెలలుగా ఆమె మూడో బుట్ట దాటలేదు.

ఆ బుట్ట చుట్టూ వాకర్ల సంఘం కూర్చుంటుంది. బుట్ట గొలుసులకు చేతిసంచులు తగిలించుకుని, అధ్యక్షుడు పానకాలుగారు పేపరు చదువుతుంటే వింటుంది.

ఇవాళ కూడా డిస్కు వాళ్ళ దాకా వెళ్ళి, గాల్లోనే తిరిగి ఆమె చేతికొచ్చింది. పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి.

"కాస్త పక్కకి జరగండి బాబాయిగారూ."

"అది మాకు తగలదు గదమ్మా, నువ్వు వేసుకో," అన్నారాయన తల ఎత్తకుండానే.

"తగలదనేగా మీరు లేవట్లా. మీరు లేస్తేగా అది బుట్టలో పడేది."

"అయితే ఆ డిస్కు చేసిన కంపెనీవాళ్ళకి చెప్పు."

సుభాషిణి డిస్కును గడ్డిలో పడేసింది. ఇడ్లీలు తెచ్చుకున్న స్టీలు పళ్ళెం సంచిలోంచి తీసి, కొంగుతో తుడిచి, చెయ్యి వెనక్కి లాగి నిలబడింది.

పేపరు కిందపడింది. సంఘమంతా ఒక్కసారిగా లేచి చెట్ల వెనక్కి పరిగెత్తింది. అందరూ తప్పుకున్నాక ఆమె విసిరింది. పళ్ళెం గొలుసులకు ఖంగుమని తగిలి బుట్టలో పడింది.

"ఇంత ప్రమాదమైన ఆట పార్కులో ఎట్టా ఆడనిస్తున్నారమ్మా?" అన్నారు పానకాలుగారు వేపచెట్టు వెనకనుంచి.

ఆమె పళ్ళెం తీసుకుని నాలుగో బుట్ట వైపు నడిచింది. అక్కడ యోగావాళ్ళు అప్పటికే చాపలు చుట్టేస్తున్నారు.