ఆయుధపూజ మరునాడు

చెల్లీ,

నిన్న మడివాళ మార్కెట్లో మునీంద్ర ఉల్లిపాయల మూటలు దించుతూ కనిపించాడు. "బాగుండావా అక్కా?" అని నవ్వాడు. ఇక రాయకుండా ఉండలేకపోయాను.

మా ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేసేవాడు అతను. పోయినేడు ఆయుధపూజ ముందురోజు పెద్ద కంప్యూటరుకు కొత్త మెమరీ వేశాడు. పండగ మరునాడు అది గంటకోసారి ఆగిపోవడం మొదలుపెట్టింది. వారం రోజుల పని పోయింది.

"జ్ఞాపకశక్తి పెంచమంటే దానికి మతిమరుపు తెచ్చినావు కదప్పా!" అని ఓనరు అందరి ముందూ అరిచాడు.

మునీంద్ర పెట్టె విప్పి ఆ మెమరీ ముక్కను బయటికి లాగాడు. దాని అంచున కరెంటు అందుకునే బంగారు గీతల మీదికి కుంకుమ కారి అంటుకొని ఉంది. పక్కనే నిలబడ్డ నా ముఖంలోకి ఒక్కసారి చూశాడు.

కొత్త వస్తువుకు బొట్టు లేకపోతే ఎట్లా అని, పూజరోజు మూత తీసి తడి కుంకుమ పెట్టింది నేనే.

అతను దాన్ని చొక్కా అంచుతో తుడిచేశాడు. "నేనే సరిగ్గా బిగించలేదు సార్" అన్నాడు. ఆ సాయంత్రమే అతన్ని పనిలోంచి తీసేశారు. నేను నోరు తెరవలేదు.

ఈ కార్డును కవర్లో పెట్టి పంపుతున్నాను. నీ దగ్గరే దాచుకో, మీ ఆయనకు కూడా చూపకు. నాకింకా ఎనిమిదేళ్ల ఉద్యోగం ఉంది.