ఏదైనా ఒక పువ్వు ఉచితం

మనిషి లేని సరుకుల బండి కాకినాడలో మా వీధి మలుపు తిరిగేసరికి అందరి ఫోన్లూ ఒక్కసారే మోగాయి. కూపన్ లేకుండా కొత్తిమీర కట్ట కూడా కొనలేని రోజులవి. వారం రోజులుగా మా ఇంట్లో అన్నంలోకి కారప్పొడే.

"ఏదైనా ఒక పువ్వు ఉచితం," అని ఫోన్లో వచ్చిన కూపన్ నీరసంగా చదివాను. "పూలేం తింటామమ్మా?"

మా అమ్మ నూకరత్నం కళ్ళు మెరిశాయి. పరుగున వెళ్ళి బండిలోంచి పెద్ద అరటిపువ్వు తీసింది.

"అది కూరగాయండీ," అంది బండి.

"పేరు చదువు నాయనా! అరటికాయ తీశానా? అరటిపువ్వు!"

బండి మీద ఎర్ర లైటు వెలిగింది. "పువ్వంటే తలలో పెట్టుకునేదండీ."

"ఓస్, అంతేనా!"

అమ్మ ముడి విప్పి, మళ్ళీ బిగించి, ఆ ఎర్రటి పువ్వుని అందులో దోపేసింది. బరువుకి తల పక్కకి వాలిపోతున్నా నవ్వుతూ నిలబడింది. బండి మీద పచ్చ లైటు వెలిగింది!

ఇక చూడాలి మా వీధి సందడి! పక్కింటి బేబక్క కాలీఫ్లవర్‌ని రిబ్బనుతో జడకి కట్టేసుకుంది. బట్టతల సత్తిరాజు బాబాయి మాత్రం దిగాలుగా నెత్తి తడుముకుని, చివరికి మునగపూల గుత్తిని చెవిలో పెట్టుకున్నాడు.

"నాకిక్కడే కుదురుద్దండీ. చెల్లుద్దా?"

"చెల్లుతుందండీ," అంది బండి.

ఆ మధ్యాహ్నం ఆవ పెట్టిన అరటిపువ్వు కూరతో మారు అన్నం వడ్డించుకున్నాం. బండికి చెవులెక్కడున్నాయో తెలియదు గానీ, వీధంతా కలిసి పువ్వు మాత్రం పెట్టేశాం.