వెనక కుర్చీలో ఆవిడ

“ఇంతమందిలో ఏ ఒక్కరు కళ్ళు తిరిగి పడినా, మాట ఎవరి మీదికి వస్తుందండీ?”

ఇంకా పాటైనా పెట్టలేదు. చాపల మీద నిలబడ్డవాళ్ళంతా వెనక్కి తిరిగి చూశారు. తలుపు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఒళ్ళో ఉబ్బిన సంచీ. అందులోంచి నొప్పుల మందు సీసా, గ్లూకోజు పొట్లం, మడత పెట్టిన తువ్వాలు తొంగిచూస్తున్నాయి.

“ఎవరూ పడరండీ. మీరు ఊరికే కూర్చుని చూడండి,” అంది కోచ్, నవ్వు తెచ్చిపెట్టుకుని.

బట్టల దుకాణం పైన, ముందు గోడకి పెద్ద అద్దం ఉన్న హాలది. కోచ్ అమ్మాయికి ఇదే మొదటి వ్యాయామం క్లాసు. ఇవాళ ఉచితంగా చేయిస్తోంది, నచ్చినవాళ్ళు రేపటి నుంచి చేరతారు. వచ్చినవాళ్ళలో సగం మందైనా చేరకపోతే హాలు ఇంకెవరికో ఇచ్చేస్తానని ఓనర్ ముందే చెప్పేశాడు. చెప్పి ఊరుకోకుండా తాళాలగుత్తి పట్టుకుని మెట్ల దగ్గరే నిలబడ్డాడు.

పాట మొదలైంది. “చేతులు పైకి. కాళ్ళు ఎడంగా. గెంతండి. ఒకటి, రెండు...”

“ఆ చివరి అమ్మాయీ, నువ్వు గెంతకమ్మా. నీకు ఎడమ మోకాలు నొప్పి కదూ,” అంది పెద్దావిడ.

చివర ఉన్న టైలర్ గెంతబోయినదల్లా ఆగిపోయింది. రోజంతా మిషను తొక్కే మోకాలది. నొప్పని ఇంట్లో కూడా చెప్పలేదు. “మీకెలా తెలుసండీ?”

“మెట్లెక్కుతుంటే చూశాగా. ప్రతి మెట్టుకీ కుడికాలే ముందేశావు.”

టైలర్ గెంతడం మాని ఉన్నచోటే అడుగులు వేయసాగింది. పక్కనున్న బస్సు డ్రైవర్ అడుగులు కూడా వేయకుండా నిలబడిపోయాడు.

“మీరెందుకు ఆగారండీ?” అంది కోచ్.

“ఆ అమ్మాయికి చెప్తే నాకూ చెప్పినట్టే అనుకున్నానండీ. ఇన్నేళ్ళూ బస్సు స్టీరింగు ముందు కూర్చునే సంపాదించాను, గెంతడం నాకెక్కడొస్తుంది?”

అందరూ నవ్వారు. కోచ్ నవ్వలేదు. “సరే, వంగి కాలి వేళ్ళు అందుకోండి.”

డ్రైవర్ వంగాడు. మధ్యలో పొట్ట అడ్డం వచ్చింది. “వేళ్ళు ఉన్నాయో లేవో కూడా తెలియట్లేదండీ.”

“ఉన్నాయి నాయనా, నాకు కనబడుతున్నాయి. ఇంక వంగకు. నడుం పట్టేసిందంటే బ్రేకు మీద కాలెలా వేస్తావు? నీ వెనకాల బస్సు నిండా జనం.” ఊపిరి తిప్పుకోకుండానే ముందు వరుసకి తిరిగింది. “కళ్ళద్దాలమ్మా, ఊపిరి వదలండి. బిగబట్టేశారు. అద్దంలో చూడండి, మొహం ఎలా అయిపోయిందో.”

కళ్ళద్దాలావిడ బళ్ళో టీచర్. ఉలిక్కిపడి ఊపిరి వదిలింది.

కోచ్ పాట ఆపి గబగబా వెనక్కి వచ్చింది. “చూడండీ, మీరిలా భయపెడితే రేపు ఒక్కరూ రారు.”

“రాకపోతే మానె. పడితే?” పెద్దావిడ గొంతు తగ్గించింది. “మీరు కూడా పొద్దున్నుంచి ఏమీ తిన్నట్టు లేరు. గొంతు చూడండి, ఎలా బొంగురుపోయిందో.”

“నా గొంతు సంగతి నేను చూసుకుంటాను.”

ఎలాగో కోచ్ క్లాసు అయిందనిపించింది. చెమట తుడుచుకుంటున్నవాళ్ళ ఎదురుగా వచ్చి నిలబడింది. “చెప్పండి. రేపటి నుంచి వస్తారా?”

కొందరు చెప్పులు వెతుక్కోసాగారు. చివరికి టీచర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ అంది. “అనుమానంతోనే వచ్చానండీ. ఇంట్లో వీడియో పెట్టుకుని చేసుకోవచ్చు, ఇంతమందిలో వెనకబడితే నవ్వుతారు, నాకు పడదులే అనుకున్నాను.”

మెట్ల దగ్గర తాళాలు గలగలమన్నాయి. కోచ్ మొహం వాడిపోయింది.

“కానీ వీడియోని మనం చూడాలే గానీ, అది మనల్ని చూడదు కదా,” అంది టీచర్. “క్లాసులో పిల్లలందర్నీ నేను చూడటమే. నా మొహం చూసి ఊపిరి వదలమని ఒకరు చెప్పి ఎన్నాళ్ళయిందో. ఆవిడ రోజూ అక్కడ కూర్చుంటానంటే నేను చేరతాను.”

“నాదీ అదే మాట,” అంది టైలర్.

“నాదీ అంతే,” అన్నాడు డ్రైవర్. “ఆవిడ ఉంటే నా వేళ్ళు నాకున్నాయని ధైర్యం.”

మిగతావాళ్ళూ తలలూపారు. ఓనర్ తాళాలు జేబులో వేసుకుని లోపలికొచ్చాడు. “ఇంతకీ ఆవిడ ఎవరి తాలూకు? తెచ్చినవాళ్ళే రోజూ తీసుకురావాలి మరి.”

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“నీకు అత్తగారనుకున్నానమ్మా,” అన్నాడు డ్రైవర్ టైలర్‌తో.

“మా అత్తగారా? ఇంకా ఎత్తుకి గెంతమనేది. మీ ఇంటి తాలూకేమో అనుకున్నా.”

టీచర్ కూడా తల అడ్డంగా ఊపి, కుర్చీ దగ్గరికి వెళ్ళింది. “ఎవరి కోసం వచ్చారమ్మా?”

అంతసేపూ నోటికి తెరిపివ్వని మనిషి పెదవులు బిగించుకుంది. సంచీ జిప్పు లాగింది, మూసింది, మళ్ళీ లాగింది. ఏదో అనబోయి మింగేసి నేలచూపులు చూస్తూ కూర్చుంది. చాపలు చుట్టేవాళ్ళు కూడా సగం చుట్టి ఆగిపోయారు.

కోచ్ వచ్చి ఆవిడ కుర్చీ పక్కన నిలబడింది.

“అమ్మా, ఎవరికీ చెప్పనని పొద్దున నీతో వేయించిన ఒట్టు తీసి గట్టున పెట్టి, నా తాలూకేనని చెప్పు.”