కియెట్ ఏం చదవాలి?

"అకౌంటెన్సీ. ఇంకో మాట లేదు," అన్నాడు తొవాన్. అరిచాడు అనడమే సబబు.

పొద్దున ఏడింటి నుంచీ ఇంట్లో ఇదే గోల. కొడుకు కియెట్ చివరికి ఎం.బి.ఏ. చెయ్యాలన్నదాంట్లో ఎవరికీ పేచీ లేదు. దానికి ముందు డిగ్రీలో ఏం చదవాలన్నదే తగువు. అది ఇవాళే తేలిపోవాలి. చుట్టాలు కూడా వచ్చి కూర్చున్నారు. వంటింట్లో బొబ్బర్ల పాయసం చల్లారిపోతోంది.

తొవాన్ బాధ తొవాన్‌ది. సాహిత్యంలో డిగ్రీ చేసి, ముప్ఫై రెండో ఏట ఎం.బి.ఏ.లో చేరి, మొదటి ఏడే లెక్కల పేపర్లన్నీ తన్ని బయటికొచ్చాడు. కాంథోలో అతను పనిచేసే రొయ్యల ఎగుమతి కంపెనీలో, అతనికన్నా ఆరేళ్ళు చిన్నవాడు మేనేజరై కూర్చుని పెత్తనం చేస్తున్నాడు. కొడుక్కి ఆ గతి పట్టకూడదు. అంతే.

"ఏ డిగ్రీ అయితేనేంరా, ఎలాగూ ఎం.బి.ఏ. చేస్తావుగా అన్నది మీరు కాదూ నాన్నా? విన్నాను. అనుభవిస్తున్నాను," అన్నాడు తొవాన్, తండ్రి వైపు తిరిగి.

"ఇంజనీరింగ్ చెయ్యమని కూడా మొత్తుకున్నాను. అది మాత్రం వినబడలేదు నీకు!" ముసలాయన చేతికర్రతో నేలమీద కొట్టాడు. "నా మనవడు ఇంజనీరింగే చదువుతాడు."

"ఫార్మసీ అయితే బాగుంటుంది మామయ్యా," అంది కోడలు డియెమ్. ఆమెకు మందుల షాపు ఉంది. "పైన ఎం.బి.ఏ. కూడా ఉంటే మందుల కంపెనీయే పెడతాడు."

"నీ షాపులో కూర్చోబెట్టుకుందామనా?" అన్నాడు తొవాన్.

"కూర్చుంటే తప్పేముంది? మీలా రోజూ ఇంటికొచ్చి అందరి మీదా విసుక్కోడుగా!"

తొవాన్‌కి ఒళ్ళు మండింది. "వాడికా, దేని మీదా ధ్యాస లేదు. నెల రోజులుగా చెవిలో ఇల్లు కట్టుకుని చెప్తున్నాను. నవ్వుతాడు, లేకపోతే మొహం తిప్పుకుంటాడు. అంత లెక్కలేనితనం ఏమిటో!"

"వాడి మీద మళ్ళీ గొంతు లేపారో, వాణ్ని తీసుకుని మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోతాను. చెప్తున్నా."

పోయిన నెల డియెమ్ అన్నంత పనీ చేసింది. తొవాన్ గొంతు తగ్గించాడు. గొంతైతే తగ్గించాడు గానీ, అకౌంటెన్సీ వదల్లేదు.

అప్పుడు తొవాన్ తల్లి వంటింట్లోంచి వచ్చింది. "ఇంతమందిలో సిగ్గులేదూ మీకు! వేళ దాటిపోతోంది, లేవండి. వాడే తేల్చుకుంటాడు. వాడు ఏది ఎంచుకుంటే అదే. తర్వాత ఎవరైనా కిక్కురుమన్నారో, నేను మనిషిని కాను."

పోయిన పెద్దల పీఠం ముందు అగరొత్తులు వెలిగించి ముగ్గురూ మాటిచ్చారు. ఇక వెనక్కి తీసుకోవడం కుదరదు. చుట్టాలందరూ మధ్యలో పళ్ళెం పెట్టిన చాప చుట్టూ చేరారు.

సరిగ్గా ఆ రోజుకి ఏడాది నిండిన కియెట్ చాప మీద పాక్కుంటూ వచ్చి, నాన్న పెట్టిన కాలిక్యులేటర్‌నీ, తాత పెట్టిన స్కేలునీ, అమ్మ పెట్టిన ఖాళీ మాత్రల డబ్బానీ పళ్ళెంలోంచి బయటికి తోసేసి, అందులో తనే ఎక్కి కూర్చున్నాడు.