టంచనుగారి ఉద్యోగం

"మీకు ఉద్యోగం ఉందండీ," అంది ఉపాధి ఆఫీసులో మూడో కిటికీ గుమాస్తా, కంప్యూటరు మీంచి కళ్ళు తిప్పకుండా.

టంచనుగారికి ఒక్క ముక్క అర్థం కాలేదు. గొడుగుల ఫ్యాక్టరీ ప్యాకింగ్ విభాగంలో ఇరవై రెండేళ్ళపాటు ఒక్క నిమిషం కూడా ఆలస్యంగా రానందుకు తోటివాళ్ళు ఆయనకు పెట్టిన పేరది. ఫ్యాక్టరీ మూతపడి రెండు నెలలైంది. ఉద్యోగం పోయింది గానీ పేరు మాత్రం పోలేదు.

"లేదనే కదమ్మా, నిరుద్యోగ భృతికి దరఖాస్తు పెట్టుకున్నాను," అన్నాడు.

నిన్న ఇంటికొచ్చిన ఉత్తరాన్ని కిటికీలోంచి లోపలికి తోశాడు. అందులోనూ ఆ మాటే ఉంది. పోయిన నెల మూడో తేదీ నుంచి తమరు ఉద్యోగంలో ఉన్నట్టు తేలింది కనుక దరఖాస్తు కొట్టివేస్తున్నాం, అభ్యంతరం ఉంటే రేపు సాయంత్రం ఐదులోగా రుజువు చూపాలి అని. ఆ రేపు కాస్తా ఈరోజైంది. ఐదు దాటితే మళ్ళీ ఆరు నెలల దాకా దరఖాస్తు పెట్టడానికి లేదు. ఆరు నెలలంటే కూతురు నర్సింగ్ చదువు నడిమధ్యలో మానుకోవాల్సిందే.

ఉత్తరం మొదట భార్య కంటపడింది. అదే కొంప ముంచింది.

"రోజూ డబ్బా పట్టుకుని ఎనిమిదిన్నరకి వెళ్తున్నారు, ఐదు దాటాక వస్తున్నారు. ఉద్యోగం దొరికిందని చెబితే నేనేమైనా దిష్టి పెడతానా?" అంది ఆవిడ. వెళ్తున్నది ఈ ఆఫీసుకేనని ఆయన ఎన్ని ఒట్లు పెట్టుకున్నా నమ్మలేదు. పొద్దున డబ్బా చేతికిచ్చేటప్పుడు మొహమైనా చూడలేదు. ఆయన ప్రాణం ఉసూరుమంది.

ఆవిడ మాత్రం ఎలా నమ్ముతుంది? ఆఫీసులో అడిగేవాళ్ళకు ఒక పద్ధతంటూ లేదు. ఒకరోజు ఫోటో అన్నారు, ఇంకోరోజు ఫ్యాక్టరీ మూసినట్టు కాగితం అన్నారు, ఆ కాగితం తెస్తే దాని మీద ముద్ర ఏదీ అన్నారు. కాళ్ళరిగేలా తిరగడం దేనికని ఆయన రోజంతా అక్కడే ఉండిపోవడం మొదలుపెట్టాడు.

మొదటిరోజు గేటు దగ్గర కాపలా ఆయన ఆవులిస్తూ, పుస్తకంలో పేరు రాసి సంతకం పెట్టి వెళ్ళమన్నాడు. బల్ల మీద రెండు పుస్తకాలున్నాయి. ఎర్ర అట్టది కాపలా ఆయన అన్నం సంచీ కింద ఉంది. నీలం అట్టది తెరిచి ఉంది. అందులో ఆఖరి నాలుగు పేర్లూ నాలుగు చేతిరాతల్లో ఉన్నాయి. వాటి కింద టంచనుగారు ముత్యాల్లాంటి అక్షరాలతో తన పేరు, ఉపాధి కార్డు నంబరు, వచ్చిన వేళ రాశాడు. సాయంత్రం వెళ్ళిన వేళ కూడా రాసి సంతకం చేశాడు. సంతకం పెట్టనివాడు రానట్టే లెక్క అని ఫ్యాక్టరీలో నూరిపోశారు మరి.

లోపల ఊరికే కూర్చోవడం ఆయన వల్ల కాలేదు. చదువురానివాళ్ళకు ఫారాలు నింపిపెట్టేవాడు. గుంపుగా తోసుకునేవాళ్ళను వరసలో నిలబెట్టేవాడు. కూలిపోయిన ఫైళ్ళ కట్టలను నంబరు ప్రకారం సర్దేవాడు. టీ తెచ్చే ఆయన అలవాటుపడిపోయి, సిబ్బందితోపాటు ఈయన చేతిలోనూ ఒక గ్లాసు పెట్టి పోయేవాడు.

ఇప్పుడు ఈ పిడుగు పడింది.

"నా కార్డు నంబరుతో ఎవడో పనిచేస్తున్నట్టున్నాడమ్మా. కాస్త చూడు."

గుమాస్తా చూసింది. ఇరవై ఆరు పనిదినాలు. సెలవు ఒక్కటీ లేదు. రోజూ తొమ్మిదికి ఐదు నిమిషాల ముందే హాజరు. యజమాని పేరుండాల్సిన చోట నాలుగంకెల సంఖ్య ఉంది. అదెవరిదో తెలియాలంటే పైన రికార్డు గదిలో అడగాలంది.

టంచనుగారు మెట్లెక్కుతూ జేబు తడుముకున్నాడు. కార్డు జేబులోనే ఉంది. మరి వాడెవడు? దొంగతనం చేసినవాడు పనికి ఎగనామం పెట్టాలి గానీ, ఒక్కరోజైనా మానకుండా వెళ్ళడమేమిటి? కోపంలోనూ వాడంటే కొంచెం మర్యాద కలిగింది. తనకే తెలియకుండా తాను ఎక్కడికైనా వెళ్ళి పనిచేసి వస్తున్నాడేమోనని ఒక్క క్షణం భయం కూడా వేసింది.

రికార్డు గదిలో పెద్దావిడ కళ్ళజోడు సవరించుకుని నవ్వింది.

"రండి. మీరు సర్దాక ఏ ఫైలు కావాలన్నా చిటికెలో దొరుకుతోందండీ."

టంచనుగారు ఉత్తరం చూపించి జరిగిందంతా ఏకరువు పెట్టాడు. ఆవిడ అయ్యో అయ్యో అనుకుంటూ, ఏ సంఖ్య ఏ యజమానిదో రాసి ఉన్న దిండంత పుస్తకం దించి పేజీలు తిప్పింది. టీ ఆయన వచ్చి రెండు గ్లాసులు పెట్టి వెళ్ళాడు. ఒక పేజీలో ఆవిడ వేలు ఆగింది. పుస్తకం వైపు చూసింది, ఆయన వైపు చూసింది, మళ్ళీ పుస్తకం వైపు చూసింది.

"ఆ చిరునామా ఇటివ్వండమ్మా," అన్నాడు టంచనుగారు లేచి నిలబడి. "ఐదయ్యేలోపు వాడి చొక్కా పట్టుకుని ఇక్కడికి ఈడ్చుకొస్తాను."

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"మీరు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, కూర్చోండి. రోజూ గేటు దగ్గర సంతకం పెడుతున్నారు కదా, ఏ పుస్తకంలో?"

"నీలం అట్టదాంట్లో."

"అది మా సిబ్బంది హాజరుపట్టీ అండీ."