తెరకు అవతల ఏడుపు

మా యూదుల పాప పరిహార దినమైన యోమ్ కిప్పుర్ ఉపవాసానికి ముందు ఆన్షెల్ వీధి వీధంతా తిరిగి అందరినీ క్షమించమని అడిగాడు, కట్టుకున్న నన్ను తప్ప. చెంప మీద అతని వేళ్ల గుర్తులతోనే వెళ్లి ప్రార్థనా మందిరంలో ఆడవాళ్ల వైపు కూర్చున్నాను.

మగవాళ్లను మాకు కనబడకుండా వేరుచేసే తెరకు అవతల ప్రతి ఏడూ వినిపించే మగ గొంతే వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"విన్నావా, నీ మొగుడే," అంది పక్కనున్న హిండా అక్క. "ఏడాదికోసారైనా కరుగుతాడు. మా ఆయన ఉన్నాడు, ఎందుకూ! ఉలకడు, పలకడు."

తొమ్మిదేళ్లుగా ఈ ఏడుపు విన్నాకే ఆన్షెల్‌ను క్షమిస్తూ వచ్చాను. కొట్టేటప్పుడు అతని ముఖం నాకు తెలుసు. ఏడ్చేటప్పుడు ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలనిపించింది. తెర అంచు పట్టుకుని పైకెత్తాను.

"మతిపోయిందా నీకు? దించు, మగవాళ్లు చూస్తారు!"

"చూడనీ!"

ఆన్షెల్ గోడకు జారగిలబడి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. అతని వెనక, తెల్ల అంగీ తొడుక్కున్న పెద్దాయన పుస్తకాన్ని గుండెకు అదుముకుని కుమిలి కుమిలి ఏడుస్తున్నాడు.

నా ఒళ్లు మండిపోయింది.

"ఏం కనిపించిందే?" అక్క గొంతు తగ్గించి అడిగింది.

"నువ్వే చూడు. ఇన్నేళ్లూ నేను క్షమించింది మీ ఆయన్నక్కా."