అరవైనాలుగు బిట్ల మహాసంగ్రామం

“కంప్యూటరుకు అరవైనాలుగు బిట్లు పెట్టిస్తారా, లేక ఈ ఓట్స్ జావ అంతా మీరొక్కరే తాగుతారా?”

డాగ్నీ లిండ్‌క్విస్ట్ చేతికర్రతో భోజనాల బల్లను మోదింది. ఎనభైరెండేళ్ల ఆ సేనాని వెనుక, డులూత్‌లోని ఆ వృద్ధాశ్రమవాసులందరూ చెంచాలు బోర్లించి బారులు తీరారు. తెల్లవారి ఇంకా ఏడైనా కాలేదు. అయినా సేనలో ఒక్కరి కంటా కునుకు లేదు. ఆ ఘనత శత్రువుదే. మేనేజరు హార్లన్ బ్రూన్ తన యౌవనంలో వాయించిన అకార్డియన్ పోల్కా బాణీని, ఆనాడే ఆయన రాసుకున్న చిట్టి ప్రోగ్రామొకటి, హాల్లోని కంప్యూటరు నుంచి గదిగదికీ సరిగ్గా ఆరింటికి మోగిస్తుంది. వార్ధక్యానికి క్రమశిక్షణను మించిన ఔషధం లేదని ఆయన సిద్ధాంతం.

“డాగ్నీగారూ, మీరు ఆడేది పేకాట, చూసేది మనవల ఫొటోలు. ముప్పైరెండు చాలదూ?”

“మా జ్ఞాపకశక్తి ఎలాగూ అడుగంటుతోంది హార్లన్. యంత్రానికైనా కాస్త ఎక్కువ ఉండనీ!”

సేన ఘొల్లుమంది. కంప్యూటరు బాగుచేయడానికి వచ్చిన రెనే, చేతికొక డిస్కుతో, ఉభయసేనల నడుమ నిలబడి ఉంది.

“ఈ కంప్యూటర్లో రెండింట్లో ఏదైనా నడుస్తుంది బామ్మగారూ. అరవైనాలుగైతే మెమొరీ ఎక్కువ వాడుకోవచ్చు. కాకపోతే రాతియుగం నాటి ప్రోగ్రాములు కొన్ని ఇక పనిచేయవు. అలాంటివేమైనా ఉన్నాయా సార్?”

హార్లన్ నోరు తెరిచేలోగా డాగ్నీ అందుకుంది.

“ఉండకేం పిల్లా! ఆయనే పాతకాలపు మనిషి. ఆయన సరుకు మాత్రం కొత్తదా?”

మేనేజరు ముఖం కందగడ్డ అయింది.

“నేనా పాత? నా ఆశ్రమంలో పాతదంటూ ఏదీ లేదు!”

“మేం తప్ప,” అన్నారెవరో వెనుక బారులోంచి.

“అరవైనాలుగే పెట్టమ్మా!” హార్లన్ గర్జించాడు. “ఆధునికత అంటే ఏమిటో వీళ్లకు చూపిద్దాం!”

చెంచాలు తిరగబడ్డాయి. చల్లారిన జావను జయపానంగా స్వీకరించారు. సాయంత్రానికి కొత్త తెర ధగధగలాడింది. విజేత మాత్రం దానివైపు కన్నెత్తి చూడలేదు.

“రండి బామ్మగారూ, మీ మనవల ఫొటోలు పెడతాను,” అంది రెనే.

“నాకు మనవలెక్కడున్నారు పిల్లా?” డాగ్నీ ఆవులించి, కర్ర టకటకలాడించుకుంటూ తన గదికి నడిచింది.

మరునాడు ఆశ్రమమంతా తొమ్మిదింటికి నిద్ర లేచింది.